దొడ్లో నిలబడి ఉన్న నేను

మా ఇంట్లో ఏదీ ఒక్కరి కోసం కొనేవాళ్లు కాదు. చివరికి పేరు కూడా అంతే. నాయనమ్మ పోయిన మరుసటి ఏడు పెదనాన్నకు కూతురు పుడితే ఆమె పేరే పెట్టారు. ఆ పై ఏడు నేను పుట్టాను. అన్న తల్లి పేరు పెట్టుకున్నాడని తమ్ముడు ఊరుకుంటాడా? తల్లి ఇద్దరికీ తల్లేనని మా నాన్న నాకూ అదే పేరు పెట్టాడు. అలా ఒకే ఇంట్లో, ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరున్న ఆడపిల్లలం ఇద్దరం తయారయ్యాం. మా వైపు ఇదేమీ వింత కాదు. తాత పేరు మోసే మనవళ్లు ముగ్గురేసి ఉన్న ఇళ్లు ఉండేవి. నల్లోడు, ఎర్రోడు, పొట్టోడు అని విడదీసుకునేవాళ్లు.

మాకు విడదీసుకునే బాధ కూడా లేదు. అత్తగారి పేరు కోడళ్లు నోటితో పలకకూడదు. అందుకని మా అమ్మ గానీ పెద్దమ్మ గానీ మమ్మల్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. అక్క పెద్దమ్మాయి, నేను చిన్నమ్మాయి. పేరుకు మాత్రం మాకూ ఒక పేరుండేది.

మా ఊరు బోగోలుకు తూర్పున, ఉప్పు కాలవకూ సముద్రానికీ నడుమ ఇసక నేలల్లో ఉంటుంది. వేరుశనగ చేలు, పల్లంలో కాస్త వరి, అవతల సరుగుడు తోపులు. గాలి వీస్తే తోపుల్లోంచి వచ్చే హోరు, సముద్రం హోరు కలిసిపోయి ఏది ఏదో తెలిసేది కాదు. నేను చెప్పేది యాభైల చివరి మాట. నాకప్పుడు పద్నాలుగో పదిహేనో. అక్కకు బుచ్చిరెడ్డిపాలెం సంబంధం ఖాయమై ఉంది. వడ్ల వ్యాపారం చేసే ఇల్లు. పెళ్లి వానలు తగ్గాక అనుకున్నారు.

ఆ ఎండాకాలం నాకు జ్వరం పట్టింది. మొదట ఎండదెబ్బ అన్నారు, తర్వాత దిష్టి అన్నారు, ఆఖరికి కావలి నుంచి ఒంటెద్దు బండిలో వచ్చిన నర్సమ్మ టైఫాయిడ్ అంది. ఆమె క్రైస్తవురాలు, తెల్లచీర, చేతిలో నల్లసంచి. మా పెద్దమ్మ నోట్లో ఆ జబ్బు పేరు ‘టయిపాడు’ అయింది. నాకు అదే సరిగ్గా అతికింది. టయిమూ పాడే, ఒళ్లూ పాడే. గొట్టం మాత్రలు, బార్లీ నీళ్లు, మళ్లీ గొట్టం మాత్రలు. జుట్టు పిడికిళ్లకు ఊడి వస్తుంటే గుండు చేయించారు. తల అయితే బోడి అయింది గానీ తలరాత అంటూ ఒకటుంటే అది ఎక్కడా గీరుకుపోయినట్టు లేదు.

ఒక మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి నాకు ఒళ్లు తేలికైపోయింది. దాహం లేదు, తలపోటు లేదు. కింద నులకమంచం మీద ఎవరో పిల్ల పడి ఉంది. గుండు తల. పెదాలు పగిలి నల్లబారాయి. మా అమ్మ పక్కన కూర్చొని తాటాకు విసనకర్రతో విసురుతోంది. ‘అయ్యో, ఎవరి బిడ్డో, బతికేటట్టు లేదే’ అనుకున్నాను. నా మీద నేను జాలిపడటం నాకు బాగా అలవాటైన పనే గానీ, అంత నిస్వార్థంగా జాలిపడింది మాత్రం ఆ ఒక్కసారే. ఉట్టి నా మోకాళ్ల దగ్గర ఊగుతోంది. అంత ఎత్తులో నేనేం చేస్తున్నానని నాకు తోచనే లేదు.

అప్పుడు ఆ పిల్ల కాలి మీద మచ్చ కనబడింది. చిన్నప్పుడు చేలో కలుపు తీసే తొలిక తగిలి పడ్డ మచ్చ. అది నాది.

ఆ క్షణాన పట్టిన భయానికి ఇన్నేళ్లయినా నాకు సరైన మాట దొరకలేదు. చచ్చిపోతానన్న భయం కాదు అది. మంచం మీద ఉన్నది నేనైతే, ఈ చూస్తున్నది ఎవరు? ఆ ప్రశ్న అడగడానికి నోరు కూడా ఆ మంచం మీదే ఉంది.

గడప దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. వెనక నుంచి ఎండ కొడుతోంది, మొహాలు తెలియలేదు. ఒకరు మంచం వైపు చూసి, “ఈ పిల్ల కాదు” అన్నారు. అంతే. ఆ తర్వాత నాకు విపరీతంగా దాహం వేసింది. దాహం వేసిందంటే నేను మళ్లీ మంచం మీదికి వచ్చినట్టే.

లేచి గోడకానుకొని కూర్చునే పాటికి ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. వసారాలో పెద్దమ్మ నాకు బత్తాయి తొనలు వలిచి ఇస్తోంది. మెట్టు మీద చేపలమ్మే ఆమె తట్ట దించుకొని చెమట తుడుచుకుంటోంది. కాలవ అవతల చేపలు పట్టేవాళ్ల కుప్పం నుంచి రోజూ వచ్చేది. ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆమెకు తెలిసేది, ఆమెకు తెలిశాక ఇంకెవరికీ తెలియకుండా ఉండేది కాదు.

“జొరంలో కలవరించినావు మే, ‘నేను కాదంట, నేను కాదంట’ అని. ఎవురన్నారు ఆ మాట?” అంది పెద్దమ్మ.

నేను చూసింది చూసినట్టు చెప్పాను. పైనుంచి నన్ను నేను చూడటం, గడప దగ్గర ఇద్దరు, ఆ మాట. చెబుతుంటే పెద్దమ్మ చేతిలో బత్తాయి అలాగే ఉండిపోయింది.

చేపలామె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “అమ్మో అమ్మో. వాళ్లే వచ్చినారు తల్లా! పేరు పట్టుకోని వచ్చుంటారు. మనిషిని చూసి, ఇది కాదని ఎనక్కి పోయినారు. మా తట్టు ఇట్టా జరిగింది గదా. ఒకామె పోయిందని పాడె కూడా కట్టినాక లేసి కూసోని నీళ్లడిగింది. నన్ను కాదంట, ఇంకొకామెనంట, అనింది. సందేళకల్లా అదే పేరుగలామె పైవీధిలో పోయింది.” ఆమె మా పెద్దమ్మ వైపు తిరిగింది. “ఈ పాప పేరుగలోళ్లు ఈ చుట్టుపట్ల ఇంకెవురుండారమ్మా?”

లోపల అక్క పిండి విసురుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. పెద్దమ్మ తల తిప్పి లోపలికి చూసింది.

చేపలామె తట్ట ఎత్తుకుంటూ నాక్కూడా ఒకటి వడ్డించింది. “అయినా పాపా, తన రూపు తను చూసుకోవడం మంచిది కాదు. మా మరిది ఏటకు పోయి తిరిగొస్తా ఉంటే, గట్టు మీద తనే కూసోని వల బాగుచేసుకుంటా ఉండాడంట. తలెత్తి చూసినాడంట కూడా. మొహం అదే. వీడు మాట్లాడకుండా పడవ తిప్పేసినాడు. ఆ తిప్పడం తిప్పడమే.”

“మరి తిప్పేసి పోయినవాడు నీకెట్టా చెప్పినాడు?” అంది మా అమ్మ వంటింట్లోంచి.

చేపలామె చిన్నబుచ్చుకొని వెళ్లిపోయింది. మా అమ్మ లాజిక్కు నాకు తర్వాత చాలా నచ్చింది గానీ అప్పుడు పనికి రాలేదు. నాకు తెలిసిందల్లా ఒక్కటే. మొదటి కథ నిజమైతే పోయేది అక్క. రెండో కథ నిజమైతే నేను.

ఆ మర్నాటి నుంచి పెద్దమ్మకు నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అంతకుముందు లేదని కాదు. ఉమ్మడి ఇంట్లో అన్నింటిలాగే అది కూడా వాటా ప్రకారం అందేది. ఇప్పుడు మాత్రం మొత్తం నాకే. అక్క పెట్టెలోంచి కనకాంబరం రంగు ఓణీ, మామిడి పిందెల అంచు పరికిణీ తీసి నాకు కట్టింది. అక్క కట్టి, వెలిసి, పొట్టయ్యాక గానీ నా ఒంటి మీదికి ఏ బట్టా వచ్చేది కాదు. రంగు ఉండగానే అక్క బట్ట కట్టడం నా బతుకులో అదే మొదలు. అక్క గాజులు నా పుల్లల్లాంటి చేతులకు వేసింది. చెయ్యి దించితే జారిపోతున్నాయని దారం కట్టింది. నా మంచం మార్పించి నడిమింట్లో అక్క పడుకునే చోట వేయించింది. పెట్టె అడుగున ఉన్న సవరం తీసి బోడిగుండు మీద ఓణీ కింద దోపి చూసింది గానీ అది నిలవలేదు.

“పెద్దమ్మాయ్, పాలు తాగు” అంది.

నేను చుట్టూ చూశాను. అక్క అక్కడ లేదు.

“నిన్నే మే. నువ్వే గదా మా పెద్దమ్మాయివి” అని గడ్డం పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. ముద్దుకు అలా పిలుస్తోందనుకున్నాను. నాకు పదోన్నతి వచ్చిందని కూడా సంబరపడ్డాను.

నాలుగు రోజులకు కాబోలు, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ, గోడ పట్టుకొని నడక నేర్చుకుంటూ నేను పెరటి గుమ్మం దాకా వెళ్లాను. ఎండ తెల్లగా మండిపోతోంది. దొడ్డి నిండా వేరుశనగ కట్టె ఆరబోసి ఉంది. దాని అవతల గడ్డివామి. వామి పక్కన నేను నిలబడి ఉన్నాను.

నాకు వెన్ను చూపిస్తూ నిలబడి ఉన్నాను. మోకాలి దగ్గర నేనే వంకరగా వేసుకున్న అతుకుతో నా ఆకుపచ్చ పరికిణీ. తల చుట్టూ బిగించి కట్టిన తుండుగుడ్డ, గుండు మీద నాకు కట్టినట్టే. కుడి పాదం ఎడమ పాదం మీద పెట్టి నిలబడటం కూడా నాదే. అలా నిలబడొద్దని మా అమ్మ ఎన్నిసార్లు తిట్టిందో.

నేను నా చేతుల వంక చూసుకున్నాను. అక్క గాజులు. నా ఒంటి వంక చూసుకున్నాను. అక్క ఓణీ. అక్కడున్నది నేనైతే ఇక్కడ నాది అని చెప్పుకోవడానికి ఏమీ కనబడలేదు. మంచం మీది పిల్లను చూసినప్పటి భయమే మళ్లీ పాదాల్లోంచి పాకింది. ఈసారి జ్వరం లేదు. అదే ఎక్కువ భయం. జ్వరముంటే జ్వరం మీదికి నెట్టేయొచ్చు. చేపలామె మరిది పడవ తిప్పినట్టు తిరిగి వెళ్లిపోనూ లేదు. అది తిరగకూడదు, తిరిగితే మొహం కనబడుతుంది, మొహం కనబడకూడదు అనుకుంటూ గుమ్మం పట్టుకొని నిలబడ్డాను.

అది తిరిగింది. అక్క.

ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. నన్ను చూసి అదీ దడుచుకుంది.

“ఇయ్యి నా బట్టలు గదా?” అన్నాను.

“అమ్మ కట్టుకోమన్నాది.”

“ఎందుకు?”

అక్క తల వంచుకుంది. “వాళ్లు మళ్లీ వస్తే, పెద్దమ్మాయి తావ నువ్వుండాలంట. నేను చిన్నమ్మాయినంట. పగలంతా ఈడనే ఉండమన్నాది, ఇంట్లోకి రాబాకన్నాది.” తర్వాత గొంతు తగ్గించి, “నాకు ఇష్టం లేదు మే. కానీ నాకు చావాలనీ లేదు” అంది.

ఆ పాలు, ఆ ఓణీ, ఆ గాజులకు కట్టిన దారం ఎందుకో నాకప్పుడు తెలిసింది. “అమ్మా!” అని గట్టిగా అరిచాను. ఆ అరుపుకు మా అమ్మ వచ్చింది, అక్క చెప్పింది చెప్పినట్టు చెప్పేశాను.

మా ఇంట్లో తోడికోడళ్లు గొంతెత్తి పోట్లాడుకోవడం అదివరకు నేను వినలేదు. మూతులు ముడుచుకోవడమే తప్ప మాటలు విసురుకునే ఇల్లు కాదు మాది.

“అక్కా, నా బిడ్డను ఎర కట్టినావా? చావులోంచి లేచిన బిడ్డను!”

“ఎర కాదే! నేనట్టాంటి దాన్నా?” పెద్దమ్మ గుండె మీద కొట్టుకుంది. “నీ బిడ్డను వాళ్లు ఒకసారి చూసి కాదని పోయినారు. మళ్లీ వచ్చి ఈ మంచంలో దీన్నే చూస్తే, మళ్లీ కాదనే పోతారు. నీ బిడ్డకు ఏమీ కాదు. నా బిడ్డ దక్కుద్ది. దీంట్లో నీకు పోయేదేముండాది?”

“రెండోసారి కూడా కాదనే పోతామని నీకు చెప్పిపోయినారా వాళ్లు?”

పెద్దమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. మా అమ్మ నా చేతుల గాజులు లాగేసింది. దారం తెగలేదు, గాజులే పగిలాయి. అక్క తల మీది గుడ్డ విప్పుతూ విప్పుతూ చెయ్యి ఆపింది. అక్క నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. తీసి, చెయ్యి తిప్పి మళ్లీ పెట్టింది.

“అక్కా, దీనికి ఒళ్లు కాలిపోతా ఉండాదే” అంది.

నా పక్కన కూర్చొని నీళ్లు తాపింది అక్కే, నా గిన్నెలు కడిగింది అక్కే. టైఫాయిడ్ ఒకరి నుంచి ఒకరికి ఇంట్లో ఎలా నడిచి వస్తుందో నర్సమ్మ మాకు విడమర్చి చెప్పింది. నీళ్లు కాచి తాగమంది, బట్టలు ఉడకబెట్టమంది. పెద్దమ్మ అంతా విని, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“అమ్మా, మీ వాళ్లల్లో నీళ్లల్లో ముంచి పేరు మారుస్తారంట గదా. మా బిడ్డకు కూడా ఒక పేరు మార్చి పెట్టు తల్లా. ముంచబాక, జొరం. పేరు మాత్రం మార్చు.”

నర్సమ్మ నవ్వబోయి, పెద్దమ్మ మొహం చూసి మానుకుంది. “పేరు మార్చినా పైవాడికి పాత పేరు కూడా తెలుసమ్మా. ఆయన దగ్గర ఈ దాపరికాలు చెల్లవు. మాత్రలు వేళకు వెయ్యండి.”

అది ధైర్యం చెప్పాలనే అన్న మాట. పెద్దమ్మకు మాత్రం మిగిలిన ఆఖరి తలుపు కూడా మూసుకున్నట్టు వినబడింది.

ఆ రోజుల్లో నాకు నాటుకున్న భయం రెండు రకాలు. అక్క పోతుందేమోనని ఒకటి. అక్క పోకపోతే వాళ్లు ఎవరి కోసం వచ్చినట్టు అని రెండోది. మొదటిది పైకి చెప్పుకొని ఏడ్చాను. రెండోది ఎవరికీ చెప్పలేదు, చెప్పకపోయినా ఇంట్లో అందరికీ అదే ఉందని తెలుసు. మా అమ్మ నన్ను కొంగు వదలనిచ్చేది కాదు. పెద్దమ్మ నేను ఎదురుపడితే తల తిప్పుకునేది. ఒకే పొయ్యి మీద రెండు కుండలు పెట్టి, ఒకరికొకరు పీట కూడా జరపకుండా ఇద్దరు ఆడవాళ్లు ఎలా వండుకోగలరో నేనప్పుడే చూశాను.

నా బట్టలన్నీ అక్క ఒంటి మీద చెమటకు తడిసి, ఉడకబెట్టే గంగాళంలోకి పోయాయి. నాకు కట్టుకోవడానికి మిగిలినవి అక్క బట్టలే. ఒక మధ్యాహ్నం అక్క దగ్గర కూర్చొని విసురుతున్నాను. కనకాంబరం ఓణీ తల మీంచి కప్పుకొని ఉన్నాను. అక్క కళ్లు తెరిచి నా వంక చూసింది. చాలాసేపు చూసింది. నా మీంచి చూపు తీయకుండానే, “అమ్మా, నేను ఆడ కూసోని ఉండానే” అంది. గొంతులో ఆశ్చర్యం తప్ప ఏమీ లేదు. “మరి ఈడుండేది ఎవరమ్మా?”

ఆ ప్రశ్న నాకు తెలుసు. అది నాది. లోకంలో నా ఒక్కదానికే తెలుసనుకున్న ప్రశ్న మరొకరి నోటి వెంట వింటే తోడు దొరికినట్టు ఉండాలి కదా. అలా లేదు. నేను ఓణీ లాగి పారేసి, బోడితల చూపిస్తూ, “నేనక్కా, నేను, చిన్నమ్మాయిని” అని అరిచాను. అక్క కళ్లు మూసుకుంది.

పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి మంచం మీద పడింది. కోడలిగా తన బతుకులో ఏనాడూ పలకని అత్తగారి పేరు, అక్క పేరు, నా పేరు, గొంతు చించుకొని పిలిచింది. ఒకసారి కాదు. పిలుస్తూనే ఉంది. ఆ పేరు ఆమె నోట కొత్తగా, ఎవరిదో పేరులా వినిపించింది. ‘ఆఁ’ అని నా నోటి దాకా వచ్చింది. పేరు పెట్టి పిలిస్తే పలకడం మనిషికి అంత అలవాటు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. అక్క బదులు నేను పలికితే లెక్క అటో ఇటో అయిపోతుందని నా నమ్మకం. ఎటు అవుతుందో మాత్రం తెలియదు.

అక్క పలకలేదు. అయితే జ్వరం ఆ తర్వాత నెమ్మదిగా దిగింది. మాత్రలు వాటి పని అవి చేశాయి. దిగాక కూడా అక్క నోరు తెరవలేదు. పథ్యం పెట్టమన్నారు. పాత బియ్యం మెత్తగా వండి, మిరియాల చారు పోసి పెద్దమ్మ ముద్ద పట్టుకొని కూర్చుంటే, అక్క గోడ వైపు తిరిగేది.

“తిని ఏం లాభం? నేను నన్ను చూసినాను గదా” అనేది.

నర్సమ్మ నాడి చూసి, సంచి సర్దుకుంటూ వసారాలోకి వచ్చి మెల్లగా చెప్పింది. “జ్వరం పోయింది. ఇంక నా దగ్గర మందు లేదు. తిండి లేకుండా ఈ ఒళ్లు ఎన్నాళ్లో ఆగదు. ఆ పిల్ల మనసులో ఏముందో మీరే తియ్యాలి.”

అలాంటి వేళ చేపలామె ఊపిరి ఎగబీలుస్తూ వచ్చింది. తట్ట కూడా దించకుండానే మొదలుపెట్టింది. “పోయింది! మా కుప్పంలో ఒక ముసలామె నిన్న పోయింది. మీ పిలకాయల పేరే! పెద్దమ్మాయి లేదు, చిన్నమ్మాయి లేదు, వాళ్లొచ్చింది ఆమె కోసరం!”

ఆ మాట వినగానే మా ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను. ఎవరో ఒక ముసలామె చనిపోయిందంటే ఒక ఇంట్లో అంత సంతోషం రావచ్చని నాకు అంతవరకూ తెలియదు. మా అమ్మ దేవుడి గూటి ముందు చేతులు జోడించింది. పెదనాన్న వసారాలో తల వంచుకొని కూర్చొని కళ్లు తుడుచుకున్నాడు. లోపల అక్క మాత్రం, “అమ్మ పోయి చూసి రావాల. అప్పుడు నమ్ముతా” అంది.

పెద్దమ్మ ఒక బుట్టలో బియ్యం, కందిపప్పు పెట్టుకొని బయలుదేరింది. గుమ్మం దాటి ఆగి, నా వైపు చూసింది. అన్ని రోజుల తర్వాత అదే చూడటం. “వస్తావా?” అంది. మా అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది, ఒక క్షణం బిగించింది, వదిలేసింది.

కాలవ దాటించే పడవలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. కుప్పంలో ఆ ఇల్లు వెతకనక్కర్లేదు. గుడిసె ముందు ఇంకా మనుషులున్నారు. చనిపోయినామె కూతురు, నడివయసు మనిషి, వల మీద కూర్చొని ఉంది. పెద్దమ్మ బుట్ట దించి, పలకరించి, మెల్లగా అడగాల్సింది అడిగింది. మీ అమ్మ పేరు ఫలానానే గదా అని. ఆ పేరు ఆమె ఇప్పుడు తడబడకుండా పలికింది.

“అట్టా పిలిచేవాళ్లమ్మా. అది మా పెద్దమ్మ పేరు, మా నాయన మొదటి పెళ్లాం. ఆమె పోయినాక మా అమ్మను చేసుకున్నాడు. ఆయనకు ఆ పేరే నోటికి అలవాటు. మా అమ్మను కూడా అట్టానే పిలిచినాడు. ఊరు కూడా అట్టానే పిలిచింది. మా అమ్మ అసలు పేరు వేరే.” ఆమె కళ్లు తుడుచుకుంది. “ఆ పేరు పిలిస్తే మా అమ్మకు గిట్టేది కాదు. చచ్చినదాన్ని నా ఒంటి మీద వేసినారు అనేది.”

అసలు పేరు వేరైతే వాళ్లొచ్చింది ఈమె కోసం కాదేమో, ఆ పేరు ఇంకా మా ఇద్దరి మీదే ఉన్నట్టు. పెద్దమ్మ ఇంకేదో ఓదార్పు మాట చెప్పింది. ఏం చెప్పిందో నాకు గుర్తులేదు.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద సరుగుడు నీడలో ఆమె కూర్చుండిపోయింది. నేను పక్కన నిలబడ్డాను. సముద్రం హోరో తోపు హోరో చెవుల్లో హోరెత్తుతోంది.

“నా మీద కోపముండాదా మే?” అంది.

ఉందో లేదో నాకే తెలియదు. “భయముండాది” అన్నాను.

పెద్దమ్మ తల ఊపింది. “దానికి చెప్పబాక” అంది.

ఇంటికి చేరే సరికి అక్క గోడకానుకొని కూర్చొని ఉంది. కళ్లు తప్ప మొహంలో ఏమీ లేదు. “ఆ పేరేనా?” అని అడిగింది. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నేను ముందుకు వెళ్లి, “మన పేరే అక్కా. మంచి ముసలామె. పండుటాకు. రాలిపోయింది” అన్నాను. ఇంకా ఏమేమో కల్పించాను. తెల్లజుట్టన్నాను, చేతికి పచ్చబొట్టన్నాను. అబద్ధం ఆడటంలో నాకు అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంత చాకచక్యం కనబడలేదు.

అక్క విని, నిజంగా విని, “అయ్యో పాపం” అంది. తర్వాత, “ఆకలేస్తా ఉండాది” అంది.

ఇప్పటికీ అక్కకు ఆ గుడిసె దగ్గర విన్న మాట తెలియదు. బుచ్చిరెడ్డిపాలెంలో మనవలు, మునిమనవలతో ఉంది. ఇది అచ్చయినా చదవదని నా ధీమా. కళ్లజోడు వెతుక్కోవడంతోనే ఆమెకు పొద్దు గడిచిపోతుంది. తమ రూపం తమకు ఎదురుపడిన కథలు చాలా దేశాల్లో ఉన్నాయని తర్వాతెప్పుడో ఒక వారపత్రికలో చదివాను. వాటన్నిటిలో చూసినవాడు ఒక్కడు, కనబడేది ఒక్కటి. మా ఇంట్లో మాత్రం ఎవరు ఎవర్ని చూశారో నేనింకా తేల్చుకోలేదు.

ఆ రోజు అక్క రెండోసారి కూడా అన్నం పెట్టించుకుంది. తిని, అలసిపోయి అక్కడే పడుకుంది. పెద్దమ్మ నా చాప తెచ్చి అక్క పక్కనే పరిచి నన్నూ పడుకోమంది. తను వెళ్లి గడప మీద, వీధి వైపు తిరిగి కూర్చుంది. ఎండ ఆమె మోకాళ్ల దాకా పాకింది, జరగలేదు. అక్క పెళ్లయి వెళ్లేదాకా ప్రతి మధ్యాహ్నం అలాగే కూర్చుంది. ఎవరి కోసం కాపలా అని నేను అడగలేదు. ఆమె వెనక్కి తిరిగి మా వైపు చూసిందీ లేదు.